శ్రీయుత ప్రాక్టికల్ రికార్డు గారికి

మహారాజశ్రీ ప్రాక్టికల్ రికార్డు గారి దివ్య సముఖానికి,

బెజవాడ నుంచి ఒక జువాలజీ పాత విద్యార్థి రాసుకునే విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. కాలువలు, చెరువులు, కప్పలు, గొడ్లు కూడా ఏదో ఉన్నంతలో ఉన్నాయి. తమరి క్షేమం అడగక్కర్లేదు. ఖాకీ అట్ట, దాని మీద ప్లాస్టిక్ కవరు, ఆ పైన స్కెచ్ పెన్నుతో పేరు, హాల్‌టికెట్ నంబరు. తమరికి చెమ్మ తగలదు, బురద అంటదు, ఎండ సోకదు. పర్యావరణం, జంతుశాస్త్రం చదివే పిల్లలున్న ఇంట్లో ఇంత శుభ్రంగా ఉండే వస్తువు దేవుడి గూట్లో కూడా దొరకదు.

మా మేనకోడలు డిగ్రీ చదువుతోంది. మొన్న రాత్రి తమరిని ముందేసుకుని కూర్చుంది. ఒళ్లో సీనియర్ అక్క రికార్డు. ప్రయోగం పేరు నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలవడం, వింక్లర్ పద్ధతి. శాంపిల్ రైవస్ కాలువ నీళ్లు. ఫలితం లీటరుకు 6.4 మిల్లీగ్రాములు.

"ఈ లెక్క నువ్వు కట్టిందేనా అమ్మా?" అన్నాను.

"అది అందరికీ అంతే వస్తుంది మావయ్యా," అంది తల ఎత్తకుండా.

క్లాసులో అందరికీ అంతేనట. సీనియర్లకూ అంతే, వాళ్ల సీనియర్లకూ అంతే. 2024 సెప్టెంబరులో బుడమేరు గట్టు తెగి సింగ్‌నగర్ ఇళ్లల్లోకి నడుము లోతుకు పైగా నీళ్లొచ్చాయి. తమరి పేజీలోకి మాత్రం చుక్క రాలేదు. వరదకు ముందూ 6.4, తర్వాతా 6.4. నీటిపారుదల శాఖకు తమరి గట్లు ఎవరు కట్టారో కనుక్కోమని చెప్పాలి.

ఆ ప్రయోగం ఎలా చెయ్యాలో తమరి కుడి పేజీలోనే ఉంది, మా పిల్ల దస్తూరీలోనే. 300 మిల్లీలీటర్ల గాజు సీసాను నీటిలో ముంచి, ఒక్క బుడగ మిగలకుండా నింపి మూత బిగించాలి. మాంగనీస్ సల్ఫేటు, ఆల్కలైన్ అయొడైడ్ గట్టు మీదే కలపాలి. నీటిలో ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు అవక్షేపం దిగుతుంది, లేకపోతే తెల్లగానే ఉండిపోతుంది. అలా తెల్లగా ఉండిపోయిన సీసాను ఒక్కసారి చేత్తో పట్టుకున్న పిల్లకు కాలుష్యం మీద ఉపన్యాసం అక్కర్లేదు. తర్వాత గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే అవక్షేపం కరిగి అయొడిన్ రంగు తేలుతుంది. లేత గడ్డి రంగుకు దిగేదాకా థయోసల్ఫేటు, అప్పుడు స్టార్చి, అప్పుడు నీలం. ఆ నీలం బ్యూరెట్ అనే కొలత గొట్టం నుంచి జారిన ఒక్క థయోసల్ఫేటు చుక్కతో ఠక్కున మాయమవుతుంది. మా రోజుల్లో ఆ చుక్క కోసం ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం.

ఇప్పుడు జరిగేదేమిటంటే, ఎవరో ఒకరు కాలువ దగ్గర దిగి, సగం తాగిన మంచినీళ్ల బాటిల్ ఖాళీ చేసి అందులో నీళ్లు పట్టుకుంటారు. సిటీ బస్సులో దారి పొడుగునా ఆ బాటిల్ కుదుపులకు గిలకొట్టుకుంటూ గాలి కలుపుకుంటుంది. ల్యాబుకు చేరేసరికి అవి కాలువ నీళ్లు కావు, బస్సు నీళ్లు. అదీ ఎవరైనా తెచ్చిన ఏడాది మాట. తేని ఏడాది పంపు నీళ్లున్నాయి.

ఇంకొకటి. తమరి పట్టికలో టైము రాయడానికి గడి లేదు. కైకలూరు వైపు చేపల చెరువుకు కాపలా ఉండే మనిషికి వింక్లర్ ఎవరో తెలియదు. తెల్లవారుజామున టార్చి వేసి చూస్తాడు. చేపలు నీటి మీదికొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే పరుగున వెళ్లి నీటిలో గాలి కలిపే ఏరేటర్లు వేస్తాడు. పగలంతా ఎండలో ఆక్సిజన్ వదిలిన నాచే రాత్రి చేపలతో పోటీపడి పీల్చుకుంటుంది కాబట్టి పొద్దు పొడవబోయే వేళకు నీటిలో అది అడుగంటుతుంది. ఈ ముక్క పుస్తకంలో ఉంది, మా పిల్లకు కంఠతా వచ్చు. అయితే తెల్లారగట్ల నాలుగుకు ఒక రీడింగు, మధ్యాహ్నం మూడుకు ఒక రీడింగు తీసి పక్కపక్కన పెట్టుకుంటే తప్ప అది తన సొంతం కాదు. ల్యాబు పదకొండింటికి తెరుస్తారు. కాలువ కూడా పదకొండింటికే ఆక్సిజన్‌తో రెడీగా ఉండాలని తమరి ఉత్తర్వు కాబోలు.

మా మేనకోడలి క్లాసులో ఒకమ్మాయి పట్టుబట్టి నీళ్లు తెచ్చి, పద్ధతిగా చేసిందట. ఆ పిల్లకు 3.1 వచ్చింది. ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి "రిపీట్" అని రాశారు. మర్నాడు 6.3 వేసుకొచ్చింది. 6.4 వేస్తే కాపీ అంటారని. సంతకం పడింది. రికార్డు గారూ, నిజం చెప్పండి, ఆ కాలేజీలో ఆ ఏడాది కాలువ గురించి ఏమైనా తెలుసుకున్న మనిషి ఆ పిల్ల ఒక్కతే కదా? తమరు ఆ ముక్కనే కొట్టేయించారు.

కప్ప సంగతి కొస్తాను. మా కాలంలో మైనపు ట్రేలో పడుకోబెట్టి నాలుగు కాళ్లకూ పిన్నులు గుచ్చేవాళ్లం. 2014లో యూజీసీ, అంటే యూనివర్సిటీల మీద ఉండే కేంద్ర సంస్థ, జంతువుల కోత ఆపెయ్యమంది. మంచి పని చేసింది. కప్పలు కృతజ్ఞతా సభ పెట్టుకున్నా తప్పు లేదు. కాకపోతే కత్తితో పాటు కప్ప కూడా వెళ్లిపోయింది. మిగిలింది తమరి ఎడమ పేజీలో ఆకుపచ్చ క్రేయాన్ కప్ప. తొలకరి పడ్డ రాత్రి ఊరు దాటి పొలాల వైపు వెళితే బావురు కప్ప మగవాళ్లు నిమ్మపండు పసుపులోకి మారి, గొంతు పక్కన నీలం తిత్తులు ఉబ్బించి గోల పెడుతుంటాయి. దాన్ని గీసి పసుపు రంగు వేసుకొస్తే తమరు ఊరుకుంటారా? "రీ-డ్రా" అంటారు. కొయ్యనక్కర్లేని కప్ప దగ్గరికి కూడా పిల్లల్ని పోనివ్వకపోతే ఆ నిషేధం ఎవరి మీద పడినట్టు?

ఇక గొడ్లు. పశుపోషణ పేపరు కింద మా పిల్ల ఒంగోలు ఆవు గీసింది. మూపురం దివ్యంగా కుదిరింది, గంగడోలు జారింది, అందుకు నేనే మెచ్చుకున్నాను. తీరా చూస్తే నోరు తెరిచిన ఆవు. పైనా కిందా రెండు వరసలూ మిలమిలలాడే ముందు పళ్లు. టూత్‌పేస్టు ప్రకటనకు పంపొచ్చు. ఆవుకు పై దవడ ముందు భాగంలో పళ్లుండవు, గట్టి చిగురు ఉంటుంది, ఎనిమిదీ కిందే. సంతలో రైతు కోడె మూతి ఒడిసిపట్టి కింది పెదవి దించి చూసి రెండు పళ్లదో నాలుగు పళ్లదో చెప్పి, దాన్నిబట్టి వయసు కట్టి బేరం మొదలెడతాడు. గుంటూరు పక్కన లాంలో పశు పరిశోధన కేంద్రం ఉంది, ఒంగోలు జాతి మందే ఉంది. గన్నవరం వెటర్నరీ కాలేజీ పిల్లలు భుజం దాకా గ్లౌజు తొడుక్కుని పశువు లోపలే పాఠం చదువుకుంటారు. ఒంగోలు గిత్త సముద్రాలు దాటి బ్రెజిల్ చేరింది, అక్కడ నెలోర్ పేరుతో మందలు మందలైంది. బెజవాడ డిగ్రీ ల్యాబు దాకా మాత్రం రాలేకపోయింది. బహుశా తమరి అట్ట అడ్డమొచ్చింది.

తమరొక్కరే దోషి అని అనను. 1991లో ఎం.సి. మెహతా అనే లాయరు వేసిన కేసులో సుప్రీంకోర్టు పర్యావరణం అందరికీ నేర్పమంది. ఆ తర్వాత యూజీసీ చేసిన సిలబస్‌లో ఫీల్డ్‌వర్క్ పెట్టారు, 5 లెక్చర్ల పాటు. నదికో చెరువుకో కొండకో వెళ్లమంది, పాడైపోయిన చోటునూ చూడమంది. మావాళ్లు వెళ్లారు. ప్రకాశం బ్యారేజీ ముందు నిలబడి, "నీటిని కాపాడుకుందాం" అని ప్లాస్టిక్ ఫ్లెక్సీ పట్టుకుని జియోట్యాగ్ ఫొటో దిగారు. అక్షాంశం, రేఖాంశం ఆరో దశాంశ స్థానం దాకా కరెక్టు. ఆ చోట నీళ్లు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఫ్లెక్సీ తిరిగి తేలేదని విన్నాను, అది నదిని ఎలా కాపాడుతోందో.

మేడమ్‌ల పరిస్థితీ తెలుసు. అటెండర్ రిటైరై పోస్టు భర్తీ కాదు, కెమికల్స్ ఇండెంటు ఫైళ్లలో తిరుగుతుంటుంది, పిల్లల్ని బస్సెక్కిస్తే ఎవరికేమైనా అయితే ఎవరు జవాబుదారీ? ఎగ్జామినర్ ముందు మధ్యాహ్నం భోజనానికి ముందే తేల్చాల్సిన గుట్ట. దస్తూరీ బాగుందా, బొమ్మకు రెండు వైపులా మార్జిన్ ఉందా, అంతే. ఈ అవస్థలన్నిటి మీదా కూర్చుని రాజ్యం చేస్తున్నది తమరే.

అందుకని తమరిని తగలబెట్టమని కోరను. పట్టికలో టైముకు ఒక గడి, చోటుకు ఒక గడి పెట్టించుకోండి. అందరికీ ఒకే అంకె వచ్చిన రోజున ఎర్ర ఇంకు అందరి మీదా పడేటట్టు చూడండి. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువుల్లో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్ల మీద గూళ్లు కట్టుకుని ఉంటాయి. ఒక పూట పిల్లల్ని గట్టున కూర్చోబెట్టి లెక్కపెట్టించండి. ఇద్దరికి రెండు లెక్కలు వస్తాయి. గూళ్లు లెక్కా, పక్షులు లెక్కా, గూట్లోంచి మెడ మాత్రమే కనిపించే పిల్లను కలపాలా వద్దా అని అక్కడే పోట్లాడుకుంటారు. ఆ పోట్లాటను యథాతథంగా తమరి పేజీలో రాయనివ్వండి, పక్షి రెట్ట పడ్డ పేజీకి మార్కులు తగ్గించకండి.

ఇట్లు,
తమరి దయ వల్ల ఫస్టు క్లాసులో పాసైనవాడు

తా.క. ఆవు సంగతి మా పిల్లకు చెప్పాను. రబ్బరు తీసుకుని పై వరస తుడపబోయి ఆగిపోయింది. "వద్దులే మావయ్యా, ఆ పేజీకి సంతకం అయిపోయింది" అంది.