వినపడకపోతే గట్టిగా అరవాలా?

వినికిడి తగ్గినవాళ్లతో ఎలా మాట్లాడాలో చెప్పే సలహా ఒకటి ఫోన్ల నిండా తిరుగుతోంది. చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పమంటుంది. చెవి మిషన్ పెట్టిస్తే ఇబ్బంది తీరిపోతుందంటుంది. ఎలాగూ పెదాలు చూసి పట్టేస్తారంటుంది. అప్పటికీ పలకకపోతే వినడం ఇష్టం లేకేనని తేల్చేస్తుంది. పంపేవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఇందులో ఒక్కటీ నిలబడదు, చివరిదైతే మనుషుల్ని గాయపరుస్తుంది.

ముందు అరుపు సంగతి. వయసుతో వచ్చే వినికిడి లోపం సాధారణంగా కీచు ధ్వనులు అందకపోవడంతో మొదలవుతుంది. అచ్చులు బలమైనవి కాబట్టి వినపడతాయి. కీచుగా, సన్నగా ఉండే స, శ, చ, త లాంటి హల్లులు జారిపోతాయి. ‘కాలు’, ‘పాలు’, ‘చాలు’ మూడూ ఒకేలా చెవిన పడొచ్చు. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. అరిచినప్పుడు ఎక్కువగా పెరిగేది అచ్చుల మోతే. పైగా లోపలి చెవి దెబ్బతిన్న చాలామందికి చిన్న శబ్దం అందదు, పెద్ద శబ్దమేమో భరించలేనంతగా తగులుతుంది. ఆ రెంటి మధ్య జాగా ఇరుకు. చెవిలో నోరు పెడితే మన ముఖం కూడా కనపడదు. ఎదురుగా, వెలుతురు మన ముఖం మీద పడేలా కూర్చుని, మామూలు గొంతుతో కాస్త నిదానంగా చెబితే మాట అందుతుంది. పక్కగదిలోంచి పిలవకండి, దగ్గరికి వెళ్లండి. అడ్డేమీ లేని చోట దూరం సగానికి తగ్గితే మన గొంతు సుమారు 6 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిదో కొలిచే ప్రమాణం) హెచ్చుగా చేరుతుంది.

అవసరమైనవాళ్లు మిషన్ తప్పక పెట్టుకోవాలి, అందులో సందేహం లేదు. అయితే అది శబ్దాన్ని పెంచి పంపుతుందే తప్ప, లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు పాడైతే వాటిని తిరిగి మొలిపించదు. నలుగురు ఒక్కసారి మాట్లాడితే, దూరం పెరిగితే ఇప్పటి మంచి మిషన్లు కూడా తడబడతాయి. ఆ కొత్త శబ్దాలకు మెదడు అలవాటుపడటానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మొదట్లో చిరాకేసి డబ్బాలో పెట్టేసేవాళ్లు ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు) దగ్గర సరిచేయించుకోవాలి. మాట్లాడేముందు టీవీ ఆపే పని మాత్రం ఇంట్లోవాళ్లదే.

పెదాలంటారా? అద్దం ముందు ‘పాట’, ‘బాట’, ‘మాట’ అని చూడండి. మూడింటికీ పెదాలు ఒకేలా కదులుతాయి. క, గ అసలు బయటికే కనపడవు. పెదాలు కొంత సాయం చేస్తాయి, అంతే.

ఇక ‘వినాలని లేదు’ అన్న నింద. పొద్దున ఇద్దరే ఉన్నప్పుడు బాగా మాట్లాడిన మనిషి సాయంత్రం పదిమందిలో బదులివ్వకపోతే నటన అనిపిస్తుంది. నిజానికి రొద పెరిగింది, అందని మాటలను ఊహించి పూరించుకుంటూ రోజంతా గడిపి మెదడు అలసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారం 150 కోట్లకు పైగా మందికి ఏదో ఒక స్థాయిలో వినికిడి లోపం ఉంది. ఇంతమందీ మొండివాళ్లేనా? మళ్లీ చెప్పమని అడిగితే ‘ఏం లేదులే’ అని తోసేయడం కంటే బాధపెట్టేది లేదు. అలా నాలుగుసార్లు జరిగితే అడగడం మానేసి, అర్థం కాకున్నా తలూపుతారు.

అదే వాక్యాన్ని మూడోసారి చెప్పే బదులు మాటలు మార్చి చెప్పండి. వినేవాళ్లు కూడా ‘ఆఁ?’ అని ఊరుకోకుండా, ‘రేపు అన్నది తెలిసింది, ఎన్ని గంటలకు?’ అని అందని ముక్క మాత్రం అడగండి. పేర్లు, అంకెలు, మందులు వేసుకునే వేళలు కాగితం మీద రాసి చూపించండి.