లినక్స్ ఎంపికలో మొదట చూడాల్సింది అప్‌డేట్ల లెక్క

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటుతో పాటు, ఇంటెల్‌లో అయితే దాదాపుగా 8వ తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి. ఎచ్చెర్ల, టెక్కలి, రాజాం, విజయనగరం హాస్టళ్లలో అన్నయ్య వాడి ఇచ్చినవో, సెకండ్ హ్యాండ్‌లో కొన్నవో 6వ, 7వ తరం ల్యాప్‌టాప్‌లు ఇంకా చాలా చేతుల్లో ఉన్నాయి. వాటిలో లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేయాలనుకోవడం మంచి ఆలోచన. లినక్స్‌లో డిస్ట్రోలనే రకాలు చాలా ఉన్నాయి, చిక్కల్లా ఏ లినక్స్ అన్న దగ్గరే. వీడియోల్లో డెస్క్‌టాప్ ముస్తాబు చూసి ఆర్చ్ వేసుకునేవారున్నారు, సీనియర్ చెప్పాడని కాలీ వేసుకునేవారున్నారు. కాలీ భద్రతా పరీక్షల కోసం చేసినది. మామూలు ప్రోగ్రామింగ్ డెస్క్‌టాప్ కావాలంటే ఇది వద్దని దాన్ని తయారుచేసేవాళ్లే రాసిపెట్టారు.

కంపైలర్లు, ఎడిటర్లు, డేటాబేస్‌లు ఏ డిస్ట్రోలోనైనా దొరుకుతాయి. నెలకు ఎంత మారుతుంది, ఆ మార్పు సగంలో ఆగిపోతే ఏమవుతుంది అన్నవే అసలు ప్రశ్నలు. రోజుకు 1.5 జీబీ, 2 జీబీ మొబైల్ డేటాతో నడిచే గదిలో, చిన్న గాలివానకే కరెంటు పోయే ఊళ్లో వీటిని పక్కన పెట్టలేం.

ఆర్చ్‌లో ప్యాకేజీలు, అంటే సాఫ్ట్‌వేర్ కట్టలు, వచ్చినవి వచ్చినట్టే దిగుతుంటాయి. సెమిస్టర్ పరీక్షలని రెండు నెలలు ముట్టుకోకపోతే ఒక్కసారే గిగాబైట్ల డౌన్‌లోడ్ మీద పడుతుంది. కావాల్సిన ఒక్క ప్యాకేజీ మాత్రం కొత్తది వేసుకుంటానంటే కుదరదు, సగం అప్‌గ్రేడ్‌కు అక్కడ మద్దతు లేదు. ఫెడోరా పద్ధతిగానే ఉంటుంది. కానీ ఆరు నెలలకో కొత్త వెర్షన్, ఒక్కోదానికి సుమారు 13 నెలల మద్దతు. నాలుగేళ్ల బీటెక్‌లో మూడు నాలుగుసార్లు మొత్తం సిస్టమ్‌ను మార్చుకోవాలి. ఉబుంటు 24.04 ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) వెర్షన్‌కూ, దాని మీద కట్టిన మింట్ 22కూ 2029 వరకు అప్‌డేట్లున్నాయి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కు మూడేళ్ల పూర్తి మద్దతు, ఆపైన మరో రెండేళ్ల దీర్ఘకాల మద్దతు.

ఇక కరెంటు. తిత్లీ లాంటి తుపాను సంగతి అలా ఉంచితే, రోజువారీ కోతే చాలు. పాత ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ చచ్చి ఉంటుంది, ప్లగ్ మీదే నడుస్తుంది. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయిందనుకోండి. ఉబుంటు, డెబియన్, మింట్‌లలో మళ్లీ ఆన్ చేసి ఏదైనా ఇన్‌స్టాల్ చేయబోతే 'డీపీకేజీ మధ్యలో ఆగిపోయింది' అనే సందేశం వస్తుంది. డీపీకేజీ అంటే ప్యాకేజీలను ఎక్కించే పనిముట్టు. ఆ సందేశం చెప్పే ఆదేశాన్నే, అంటే డీపీకేజీని కాన్ఫిగర్, ఆల్ ఆప్షన్లతో సుడో కింద (అడ్మిన్ హక్కులతో) నడిపితే మిగిలిన పని పూర్తవుతుంది. కొత్త కెర్నల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) ఎక్కుతుండగా కరెంటు పోయి అసలు బూటే కాకపోయినా దారుంది. బూట్ చేసే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళితే పాత కెర్నల్ అక్కడే ఉంటుంది, దానితో లోపలికి వెళ్లి అదే ఆదేశం ఇవ్వాలి. ఆర్చ్‌లో కొత్త కెర్నల్ పాతదాని స్థానంలోకే వస్తుంది. ఎల్‌టీఎస్ కెర్నల్‌ను ముందే పక్కన పెట్టుకోకపోతే లైవ్ యూఎస్‌బీతో (పెన్‌డ్రైవ్‌లోని లినక్స్‌తో) బూట్ చేసి, క్రూట్ ఆదేశంతో డిస్కులోని సిస్టమ్‌లోకి వెళ్లి బాగుచేసుకోవాలి. మర్నాడు ప్రాజెక్టు రివ్యూ ఉన్న విద్యార్థికి అది పెద్ద శిక్ష.

స్థిరమైన డిస్ట్రోలో భాషలు పాతబడతాయన్న అభ్యంతరంలో కొంత నిజముంది. ఉబుంటు 24.04లో పైథాన్ 3.12 దగ్గరే ఆగుతుంది. అయితే కొత్త వెర్షన్లు సిస్టమ్‌లోకి రానక్కర్లేదు. నోడ్‌కు ఎన్‌వీఎమ్, రస్ట్‌కు రస్టప్, పైథాన్‌కు యూవీ లేదా పైఎన్వ్ అనే పనిముట్లు హోమ్ ఫోల్డర్‌లోనే కావాల్సిన వెర్షన్‌ను తెచ్చిపెడతాయి. పైథాన్ ప్యాకేజీలు దించే పిప్‌తో నేరుగా ఇన్‌స్టాల్ చేయబోతే 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్' అనే ఎర్రర్ వస్తుంది. సిస్టమ్ పనిముట్లు కొన్ని అదే పైథాన్ మీద నడుస్తాయి, వాటిని చెడగొట్టనివ్వకుండా పెట్టిన అడ్డు అది. బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ అనే ఆప్షన్‌తో దాన్ని దాటమని ఎవరైనా చెబితే వినొద్దు. ప్రాజెక్టుకో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, అంటే విడి పైథాన్ ఫోల్డర్, చేసుకోండి.

ర్యామ్ 4 జీబీ అయితే మింట్‌లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం, 8 ఉంటే ఉబుంటు లేదా డెబియన్. ఆండ్రాయిడ్ స్టూడియోకు గూగుల్ చెప్పే కనీసమే 8 జీబీ, ఎమ్యులేటర్ కూడా కావాలంటే 16. లేనివాళ్లు యాప్‌ను సొంత ఫోన్‌లో కేబుల్‌తో పరీక్షించుకోవడం మేలు. ఉబుంటు ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ ఫైలు) దాదాపు 6 జీబీ, మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈది దానిలో సగం. డెబియన్ నెట్ ఇన్‌స్టాల్ ఫైలు 1 జీబీ లోపే గానీ మిగతాదంతా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నెట్ నుంచే లాగుతుంది.

విండోస్‌ను పూర్తిగా తీసేయొద్దు. ప్లేస్‌మెంట్ పరీక్షల్లో వాడే సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్‌కు లినక్స్ వెర్షన్ లేదు. డ్యూయల్ బూట్‌కు (రెండు సిస్టమ్‌లూ ఒకే ల్యాప్‌టాప్‌లో పెట్టడానికి) ముందు, డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీని ఫోన్‌లోనో కాగితం మీదో భద్రపరచుకోవాలి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాలి, లేదంటే లినక్స్‌లో విండోస్ డ్రైవ్ రీడ్ ఓన్లీగానే తెరుచుకుంటుంది. ఇన్‌స్టాలర్‌కు ఎస్ఎస్‌డీ కనిపించకపోతే బయోస్‌లో ఇంటెల్ ఆర్ఎస్‌టీ లేదా వీఎండీ అనే డిస్కు సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో చూడండి. దాన్ని ఏహెచ్‌సీఐ అనే మామూలు పద్ధతికి మార్చేముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌లో బూట్ అయ్యేలా పెట్టకపోతే నీలం తెర వస్తుంది. వైఫై పనిచేయకపోతే ఫోన్‌ను యూఎస్‌బీ టెథరింగ్‌లో పెట్టి డ్రైవర్ దించుకోవచ్చు. తెలుగు రాసుకునేవారికి ఒక సంగతి: ఎడిటర్‌లో అక్షరాలు చక్కగానే వస్తాయి, టెర్మినల్‌లో మాత్రం చాలాచోట్ల ఒత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి. ఫైల్లో తప్పేమీ ఉండదు.

గదిలో నలుగురూ ఒకే వెర్షన్ వేసుకుంటే డేటా బాగా మిగులుతుంది. ఉబుంటు, డెబియన్, మింట్‌లలో ఆప్ట్‌గెట్ ఆదేశంతో దించిన ప్యాకేజీ ఫైళ్లు ఆప్ట్ క్యాష్‌లోని ఆర్కైవ్స్ ఫోల్డర్‌లో ఉండిపోతాయి, పెన్‌డ్రైవ్‌లో పక్కవాళ్లకు ఇవ్వొచ్చు. ఒట్టి ఆప్ట్ ఆదేశమైతే పని కాగానే వాటిని తుడిచేస్తుంది. కాలేజీ ల్యాబ్‌లకు ఇంతకన్నా మంచి మార్గముంది. ఒక పాత మెషీన్‌లో దించిన ప్యాకేజీలను దాచి అందరికీ పంచే ఆప్ట్ క్యాషర్ ఎన్‌జీ పెట్టి, మిగతా అన్నిట్లో ప్రాక్సీగా దాని చిరునామా, 3142 పోర్టు ఇస్తే, ఒక్కో ప్యాకేజీ బయటి నుంచి ఒక్కసారే దిగుతుంది. ఇంకా టర్బో సీ మీదే నడుస్తున్న ల్యాబ్‌లు ఈ పనితో పాటే లినక్స్‌లోని సీ కంపైలర్ జీసీసీకి మారాలి. క్లియర్‌స్క్రీన్, గెట్‌చ్‌లతో నేర్చుకున్న ప్రోగ్రాములు లినక్స్‌లో కంపైలే కావు.