వందకు వంద వచ్చినా ఫ్లెక్సీ కట్టలేదు

ఫలితాల రోజున పేపర్ల మొదటి పేజీ నిండా పాస్‌పోర్టు ఫోటోలు వేసే మన తెలుగు రాష్ట్రాల్లో, దాదాపు వందేళ్లుగా వందకు వంద తెచ్చుకుంటున్న ఐసోఆక్టేన్ అనే పెట్రోల్ రసాయనానికి ఒక్క ఫ్లెక్సీ కూడా కట్టలేదు. దారుణం. పైగా అది పరీక్షే రాయలేదు. 1920ల్లో గ్రాహం ఎడ్గర్ అనే అమెరికా రసాయన శాస్త్రవేత్త, పెట్రోల్ నాణ్యత కొలవడానికి దానికి 100, నార్మల్ హెప్టేన్ అనే మరో రసాయనానికి 0 వేసేశాడు. పేపరు దిద్దకముందే ఫస్టు ర్యాంకరూ, ఫెయిలైనవాడూ ఖరారైపోయారు. మనకిదేం కొత్త కాదులెండి.

నన్ను కలచివేసేది దాని అన్న నార్మల్ ఆక్టేన్ గతి. ఇద్దరికీ ఎనిమిదే కార్బన్లు, పద్దెనిమిదే హైడ్రోజన్లు. అన్న ఎనిమిదింటినీ బుద్ధిగా ఒకే వరుసలో నిలబెట్టాడు. వచ్చింది సున్నాకు ఇంచుమించు ఇరవై కింద. తమ్ముడు ఐదింటినే వరుసలో పెట్టి, మిగతా మూడింటినీ పక్కలకు కొమ్మల్లా తగిలించాడు, వంద కొట్టాడు. ఇకపై పిల్లలకు "తిన్నగా ఉండు నాయనా" అని చెప్పే పెద్దలు కాస్త ఆలోచించుకోవాలి.

ఇంతకీ ఈ మార్కులు, అదే ఆక్టేన్ నంబరు, బలానికి కాదు, ఓర్పుకి. సిలిండర్లో నొక్కుడుకి వేడెక్కిన తిన్నని అణువులు, ప్లగ్గు దగ్గర పుట్టిన మంట తమదాకా రాకముందే వాటంతటవే భగ్గుమంటాయి. ఇంజిన్ టకటకలాడుతుంది, మెకానిక్ దాన్నే నాకింగ్ అంటాడు. కొమ్మలున్నది మంట వచ్చేదాకా ఆగుతుంది. అంతే తప్ప లీటరుకు అదనపు శక్తేమీ ఇవ్వదు.

ఈ మాట బంకులో చెప్పి చూడండి. సైలెన్సర్‌ని బైండింగ్ వైరుతో కట్టిన వంద సీసీ బండి వచ్చి ఆగుతుంది. "అన్నా, ఆ హండ్రెడ్ ఆక్టేన్‌ది కొట్టు, పికప్ రావాలె." ఆ బండికి మామూలు పెట్రోల్ సరిపోతుంది. కానీ పక్కింటాయన కారులో ఎక్కువ నంబరుది పోయించుకుంటుంటే మనవాడు మామూలుదానితో ఇంటికెళ్లి ఇంట్లో ముఖమెలా చూపిస్తాడు?

గ్రేస్ మార్కుల కోసం ప్రపంచమంతా పెట్రోల్‌లో సీసం కలిపిన రోజులూ ఉన్నాయి. అది పిల్లల మెదళ్లకే ఎసరు పెడుతోందని తేలినా, మన దేశం దాన్ని పూర్తిగా వదిలించుకునేసరికి 2000 వచ్చింది. మార్కులంటే మనకు అంత మమకారం.

ఇప్పుడు పెట్రోల్‌లోకి ఇథనాల్ దిగింది. దానికి వందకు నూట ఎనిమిది దాకా వేస్తున్నారు! టొలీన్ అనే ఇంకో రసాయనానికీ వంద దాటాయి. స్కేలుకే కొలమానమైన ఐసోఆక్టేన్ ఇవాళ మూడో ర్యాంకుకో, ఇంకా కిందికో జారింది. వెంటనే రీవాల్యుయేషన్‌కు అప్లై చేసుకోవాలని నా సలహా. ఫీజు మాత్రం ముందే కట్టాలి, తిరిగివ్వరు.