ఫౌండేషన్ తరగతులకూ కవాతుకూ మధ్య

2020 డిసెంబరు హైదరాబాద్ మహానగర పాలక సంస్థ (జీహెచ్ఎంసీ) ఎన్నికల్లో ఓటు వేసినవారు 46 శాతం పైచిలుకు మాత్రమే. ఇంటి దగ్గరే కూర్చుండిపోయిన మిగతావారిలో చాలామంది బడిలో పౌరశాస్త్రం చదివి మార్కులు తెచ్చుకున్నవారే! పుస్తకానికి సాధ్యం కానిది విద్యార్థులకు కవాతు, శిబిరాల శిక్షణ ఇచ్చే నేషనల్ క్యాడెట్ కోర్ – ఎన్‌సీసీకి కొంతైనా సాధ్యమని మా నమ్మకం. హైదరాబాద్‌లో దానికి చోటు దొరకడమే కష్టమవుతోంది.

హృదయనాథ్ కుంజ్రూ కమిటీ సిఫార్సులతో 1948లో చట్టం ద్వారా ఎన్‌సీసీ ఏర్పడింది. చైనా యుద్ధం తరువాత 1963లో దీన్ని నిర్బంధం చేసి, 1968లో మళ్లీ ఐచ్ఛికం చేశారు. మంచి పనే చేశారు. ఇష్టం లేని యూనిఫాం ఎవరికీ బాధ్యత నేర్పదు.

చెప్పింది చెప్పినట్టు చేయడమే క్రమశిక్షణ అనుకుంటే ప్రశ్నించే పిల్లల నోరు మూతపడుతుందని కొందరి భయం. అది కొట్టిపారేయదగ్గది కాదు. అయితే ఎన్‌సీసీ అంటే కవాతు ఒక్కటే కాదు, అసలు చదువు శిబిరంలో ఉంది. అక్కడ పాతబస్తీ కుర్రాడూ కూకట్‌పల్లి కుర్రాడూ పక్కపక్కన పడుకుంటారు. ఎవరి పళ్లెం వారే కడుక్కోవాలి. ఒక్కరు ఆలస్యమైతే వరుసంతా ఆగుతుంది. పద్నాలుగేళ్ల అమ్మాయి తన జట్టులో ఎవరు రాలేదో, ఎవరికి జ్వరమో కనిపెట్టుకుని ఉండాలి. పరాయివారి బాగోగులు తన పనే అనుకోవడం అక్కడే అలవాటవుతుంది. 2020 లాక్‌డౌన్‌లో ‘ఎన్‌సీసీ యోగ్‌దాన్’ పేరిట సీనియర్ క్యాడెట్లు సరుకుల పంపిణీకి, క్యూల నిర్వహణకు స్వచ్ఛందంగా ముందుకొచ్చారు.

జూనియర్ విభాగంలో చేరేది ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో. మన నగరంలో సరిగ్గా అప్పుడే ఐఐటీ ఫౌండేషన్ తరగతులు పిల్లల తెల్లవారుజాములను మింగేస్తున్నాయి. ఆటస్థలమే లేని ఐదంతస్తుల బడిలో కవాతు ఎక్కడ చేయాలి? ఖర్చు తామే భరించగల సంస్థలకు స్వయం ఆర్థిక పథకం ఉంది. బస్తీలోని సర్కారు బడికి ఆ స్తోమత ఎక్కడిది? పైగా అక్కడ క్యాడెట్ల బాధ్యత చూసే ఉపాధ్యాయుడే ఓటర్ల జాబితాలకూ, సర్వేలకూ, ఎన్నికల విధులకూ తిరగాలి.

రెండు తెలుగు రాష్ట్రాల ఎన్‌సీసీ డైరెక్టరేట్ సికింద్రాబాద్‌లోనే ఉంది. రాష్ట్ర విద్యాశాఖ ఆ అధికారులతో కూర్చుని, కొత్త యూనిట్లలో ప్రభుత్వ బడులకు మొదటి వాటా ఇప్పించాలి. ఆ ఉపాధ్యాయులను ఇతర విధుల నుంచి తప్పించాలి. మైదానం లేని బడుల క్యాడెట్ల కోసం జీహెచ్ఎంసీ తన ఆటస్థలాలను వారానికి రెండు ఉదయాలైనా ఉచితంగా తెరవాలి.