అటకమీది పిట్ట

పండుగ ముందురోజు ఇల్లు అలంకరించడానికి ఇంటిల్లిపాదీ సిద్ధం. ఒకరు స్టూలెక్కితే ఇద్దరు పట్టుకుంటారు, మిగిలినవాళ్లు దూరంగా నిలబడి "కొంచెం ఎడమకి... అయ్యో ఎక్కువైంది, కుడికి" అని సలహాలిస్తారు. పండుగ వెళ్లిపోయాక అవన్నీ విప్పి సర్దాలంటే మాత్రం ఒకరికి నడుంనొప్పి, ఒకరికి పరీక్షలు, ఇంకొకరికి ఎప్పుడో మానేసిన పుస్తకపఠనం మీద హఠాత్తుగా ప్రేమ. పండుగ పోయి చాలా రోజులైనా మా హాల్లో దండలు వేలాడుతూనే ఉన్నాయి. ప్లాస్టిక్ పువ్వులు కాబట్టి సరిపోయింది. నిజం పువ్వులైతే సిగ్గుతోనైనా రాలిపోయేవి.

చివరికి ఓ ఆదివారం మా ఆవిడ తేల్చేసింది. "ఏమండీ, ఇవాళ ఇవి అటకెక్కకపోతే వచ్చే పండక్కి మళ్లీ కట్టే పని ఉండదు." ఆ రెండోదే బాగుంది కదా అనిపించింది గానీ, పైకి అనలేదు.

మొదటి పోరు సీరియల్ లైట్లతో. గోడమీంచి తీసేటప్పుడు తిన్నగా ఒక వరసలోనే వస్తాయి. కిందపెట్టి, ప్లగ్గు ఎక్కడుందా అని ఇటు తిరిగి చూసేలోపు ఎవరికీ తెలియకుండా ఒకదాన్నొకటి కావలించుకుంటాయి. ఈ విషయంలో సైన్సు మన పక్షానే ఉంది. 2007లో అమెరికాలో డోరియన్ రేమర్, డగ్లస్ స్మిత్ అనే ఇద్దరు ఒక తాడుని పెట్టెలో వేసి, ఆ పెట్టెని గిరగిరా తిప్పారు. తీసి చూశారు, మళ్లీ వేసి తిప్పారు. ఇలా వేలసార్లు. కొన్ని సెకన్లలోనే ముళ్లు పడిపోతున్నాయని తేల్చారు. తాడు అర మీటరు కన్నా పొట్టిదైతే ముడి పడడం అరుదు. పొడుగయ్యేకొద్దీ ముడి పడే అవకాశం పెరుగుతుంది. పెట్టె ఇరుకైతే మెలికలు తిరగడానికి చోటు లేక కొంత తగ్గుతుంది. ఆ మరుసటి ఏడాది వాళ్లకి ఇగ్ నోబెల్ కూడా వచ్చింది. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే బహుమతి అది.

ఇదంతా మా ఆవిడకి వివరించాను. "వైరు పెట్టెలో పడేస్తే చిక్కుపడుతుందని తెలుసుకోడానికి వేలసార్లు తిప్పాలా? నన్నడిగితే కూర్చున్నచోటే చెప్పేదాన్ని" అని, ఒక అట్టముక్కకి రెండువైపులా గాట్లు పెట్టి లైట్లు దానికి చుట్టడం మొదలుపెట్టింది. బహుమతి ఎవరికి వచ్చినా, పద్ధతి మాత్రం ఇదే సరైనది.

మా అమ్మ పద్ధతి వేరు. ఏ పెట్టె కనబడితే ఆ పెట్టెలో నాఫ్తలీన్ ఉండలు వేస్తుంది. కిందటేడు థర్మోకోల్ నక్షత్రాల పెట్టెలో కూడా వేసింది. ఈ ఏడు తీసేసరికి నక్షత్రాలన్నిటికీ గుంటలు. థర్మోకోల్ అంటే పాలిస్టైరీన్, దాన్ని నాఫ్తలీన్ ఆవిరి మెత్తబరుస్తుంది. ఉండలు పెట్టినచోటల్లా లోపలికి దిగబడి అతుక్కుపోయాయి. "ఒరేయ్, నక్షత్రానికేం, చంద్రుడికి లేవూ గుంటలు?" అంది మా అమ్మ. దానికి సమాధానం నా దగ్గర లేదు.

ఇక పెట్టెలమీద పేర్లు. ఇది మనిషి మనోబలానికి పరీక్ష. మొదటి పెట్టెమీద మా అమ్మాయి ముత్యాల్లాంటి అక్షరాలతో "గుమ్మానికి కట్టే దండలు, పెద్దవి, పసుపు రంగు" అని రాసింది. రెండోదానిమీద "దండలు, ఇంకా కొన్ని". ఆ తర్వాత పెట్టె నుంచి అన్నీ "ఇతరాలు". మధ్యలో మా ఆవిడ ఒకదానిమీద "పగిలేవి, జాగ్రత్త" అని రాసింది. ఆ పెట్టెలో పగిలేది ఏదీ లేదు. అలా రాస్తే నేను విసిరేయకుండా నెమ్మదిగా పెడతానని ఆవిడ నమ్మకం. పనిలో పనిగా, ఆమధ్య పాడైపోయిన టీవీ రిమోటుని పారేయడానికి మా అమ్మకి మనసొప్పక, "ఉంటే ఎందుకైనా పనికొస్తుంది" అని ఒక పెట్టెలో పడేసింది. కొత్త రిమోటు అప్పటికే కొన్నాం.

అన్నీ అటకెక్కాయి. స్టూలు దాని చోటికి వెళ్లింది. రాత్రి పడుకోబోతూ నేను గట్టిగా తుమ్మాను.

"స్వాగతం! సుస్వాగతం!" అంది అటక.

వెంటనే ఓ ఈల.

గుమ్మానికి తగిలించే ఆకుపచ్చ పిట్ట అది. చప్పుడు వినబడితే పలుకుతుంది. పండుగ నాలుగురోజులూ వచ్చినవాళ్లందరూ దాని ముందు చప్పట్లు కొట్టి మురిసిపోయారు. దాని కడుపులో బ్యాటరీలు తీయకుండానే ఎవరో పెట్టెలో పెట్టేశారు. ఎవరు పెట్టారన్న చర్చ మొదలైంది.

"మీరే కదా ఆ పెట్టె కట్టింది?" అంది మా ఆవిడ.

"స్వాగతం!" అంది పిట్ట.

"నేను టేపు వేశానంతే, లోపల సర్దింది..."

"సుస్వాగతం!"

గొడవపడాలంటే చప్పుడు చెయ్యాలి, చప్పుడు చేస్తే పిట్ట ఊరుకోదు. ఇంత మర్యాదగా మా ఇంట్లో ఎవరూ ఎవరి మాటకీ అడ్డు రాలేదు. కాసేపు గుసగుసలతో పోట్లాడుకున్నాం. గుసగుసల్లో కోపం నిలబడదు, మధ్యలోనే నవ్వొస్తుంది. సరే, చప్పుడు చేయకపోతే అదే ఊరుకుంటుందని పడుకున్నాం. మా అమ్మకి రాత్రిళ్లు దగ్గు. దగ్గినప్పుడల్లా పిట్ట ఆవిణ్ణి ఆహ్వానిస్తోంది. చివరికి అమ్మే లేచి కూర్చుని, "ఎక్కడికి రమ్మంటోందిరా అది నన్ను? పైకేనా?" అంది.

దాంతో మళ్లీ స్టూలు వచ్చింది.

చప్పుడు ఏ పెట్టెలోంచి వస్తోందో కనుక్కోవడం అనుకున్నంత తేలిక కాదు. నేను అటకలోకి తలపెట్టి చప్పట్లు కొడతాను, కింద అందరూ చెవులు రిక్కిస్తారు. "ఎడమవైపు" అంటుంది ఆవిడ. "కుడివైపు" అంటుంది అమ్మాయి. పిట్ట ఇద్దరికీ స్వాగతం చెబుతుంది. ముందు "ఇతరాలు" పెట్టె ఒకటి దింపి చూశాం. మిగతా "ఇతరాలు"లో ఏది తీయాలో తేల్చుకోలేక, నాకు ఏ మూల నుంచో బాగా వినబడుతోందనిపించి, "పగిలేవి" అన్న పెట్టె దింపాను. అందులో, కొత్త దుప్పటి ముక్కలో చుట్టి, చంటిపిల్లలా పడుకోబెట్టి ఉంది పిట్ట.

బ్యాటరీలు తీద్దామంటే వెనకవైపు మూతకి ఓ చిన్న స్క్రూ. అది తిప్పే స్క్రూడ్రైవరు ఇంట్లో ఒక్కటే ఉంది. లైట్ల ప్లగ్గు విప్పడానికి పొద్దున్న వాడాం కనక, లైట్లతోపాటే పెట్టెలోకి వెళ్లిపోయింది. మా ఆవిడ చాకు తెచ్చింది, అమ్మాయి గోళ్లు కత్తిరించేది తెచ్చింది. చాకు జారినప్పుడల్లా నేను "అబ్బా" అంటున్నాను, పిట్ట "స్వాగతం" అంటోంది. మొత్తానికి మూత ఊడింది.

ఒక లెక్కన ఆ పిట్ట అరవడమే మేలైంది. ఆల్కలైన్ బ్యాటరీల్ని ఏడాదిపాటు వస్తువులోనే వదిలేస్తే లోపలి పొటాషియం హైడ్రాక్సైడ్ అనే రసాయనం బయటికి కారే ప్రమాదం ఉంది. కారిందంటే, గాలి తగిలి తెల్లగా పొక్కులాగా పేరుకుంటుంది. స్ప్రింగుల్ని తినేస్తుంది. తర్వాత కొత్త బ్యాటరీలు వేసినా బొమ్మ పలకదు. ఆ పొక్కుని ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు కూడా, చర్మం మండుతుంది. ఈ సంగతంతా అర్ధరాత్రి స్టూలు పక్కన నిలబడి మావాళ్లకి చెబుతుంటే ఒక్కరూ వినలేదు. పిట్టలో బ్యాటరీలు ఉండుంటే అదైనా బదులు పలికేది.

ఇంత హడావిడికి అప్పుడు లేచొచ్చాడు మావాడు. కళ్లు నులుముకుంటూ నా చేతిలో బ్యాటరీలు చూసి, "హమ్మయ్య, దొరికాయా! అవి రిమోటువి నాన్నా. పండగరోజు పిట్ట పలకట్లేదని నేనే తీసి దీనిలో వేశాను" అన్నాడు.

హాల్లో టీవీ పక్కన మెరిసిపోతున్న కొత్త రిమోటు వైపు ఎవరూ చూడలేదు.

"అందుకే దేన్నీ పారేయొద్దంటాను" అంది మా అమ్మ విజయగర్వంతో. "పాతది శుభ్రంగా ఉందన్నమాట. ఎందులో పెట్టాను చెప్మా?"

"ఇతరాలులో" అన్నాను.

"ఏ ఇతరాలు?" అంది మా ఆవిడ, స్టూలు నా వైపు తోస్తూ.