ముందు కనబడితేనే గురి పెట్టగలం

భూమి మీదికి వచ్చే గ్రహశకలాన్ని గుద్ది దారి మళ్లించగలమా అని పరీక్షించడానికి నాసా డార్ట్ వ్యోమనౌకను పంపింది. 2022 సెప్టెంబరు 26న అది చివరి గంటల్లో సెకనుకో ఫొటో పంపింది. మొదట ఒకటే చుక్క. తర్వాత అది రెండైంది: పెద్ద శకలం డిడిమస్, దాని చుట్టూ తిరిగే చిన్న శకలం డైమార్ఫస్. ఆపైన ఒక్కో బండరాయి నీడతో సహా కనిపించింది. ఆఖరి ఫొటోలో కాస్త ముక్కే వచ్చింది. మిగతాది చేరేలోపే నౌక తునాతునకలైంది.

160 మీటర్ల డైమార్ఫస్ అనే ఆ రాతిగుట్టను 600 కిలోలు కూడా లేని నౌక సెకనుకు 6 కిలోమీటర్లకు పైగా వేగంతో గుద్దింది. డిడిమస్ చుట్టూ దాని 11 గంటల 55 నిమిషాల ప్రదక్షిణ సమయం దాదాపు 33 నిమిషాలు తగ్గింది. 73 సెకన్లు తగ్గితే చాలనుకున్నారు! నౌక దెబ్బ కంటే, గుద్దిన చోట వెనక్కి చిమ్మిన రాళ్లూ దుమ్మూ ఇచ్చిన తోపుడే ఎక్కువ. అన్ని శకలాలూ ఇలా చిమ్మాలని లేదు. అక్కడ ఏం జరిగిందో దగ్గర నుంచి చూడటానికే యూరప్ నౌక హెరా 2024 అక్టోబరులో బయల్దేరింది.

ఇది గొప్ప విజయమే, సందేహం లేదు. కానీ ఆ గుట్ట వేగం మారింది సెకనుకు 3 మిల్లీమీటర్ల లోపే. మోటు లెక్క వేద్దాం. ఒక శకలాన్ని సెకనుకు 2 సెంటీమీటర్ల వేగంతో పక్కకు నెడితే పదేళ్లలో సుమారు 6,300 కిలోమీటర్లు జరుగుతుంది, అంటే దాదాపు భూమి వ్యాసార్ధమంత. ఏడాది ముందు నెడితే 630 కిలోమీటర్లే. నౌక అదే, దెబ్బ అదే, కానీ భూమి తప్పించుకోలేదు.

మరి మనకు పదేళ్ల ముందు తెలుస్తుందా? 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్‌స్క్ మీద దాదాపు 20 మీటర్ల శకలం పేలింది. సూర్యుడి వైపు నుంచి రావడంతో ముందుగా ఎవరికీ కనబడలేదు. మెరుపు చూసి జనం కిటికీల దగ్గరికి వచ్చారు. కాసేపటికి పేలుడు తరంగం వచ్చి అద్దాలు పగలగొట్టింది. సుమారు 1,500 మంది గాయపడ్డారు. 2032లో భూమిని ఢీకొట్టే అవకాశం ఒక దశలో 3.1 శాతందాకా వెళ్లిన 2024 వైఆర్4 అనే శకలం కూడా, భూమికి దగ్గరగా వచ్చిపోయిన రెండు రోజులకు గానీ దొరకలేదు. ఆ ముప్పు తర్వాత తొలగిందనుకోండి.

140 మీటర్లు దాటిన శకలాలు భూమి పరిసరాల్లో దాదాపు 25 వేలు ఉంటాయని అంచనా. వాటిలో 90 శాతాన్ని 2020కల్లా గుర్తించాలని అమెరికా కాంగ్రెస్ 2005లోనే చెప్పింది. గడువు దాటిపోయినా సగం కూడా దొరకలేదు. ఇది నాకు మింగుడుపడని విషయం. గుద్దే నౌకలకు వచ్చిన పేరు, రాత్రంతా ఆకాశాన్ని జల్లెడపట్టే టెలిస్కోపులకు రాదు. డబ్బు ముందు వీటికే వెళ్లాలి. నల్లటి శకలం వెలుతురును పెద్దగా తిప్పి పంపదు గానీ ఎండకు వేడెక్కుతుంది. ఆ వేడిని అంతరిక్షం నుంచే పసిగట్టేందుకు నాసా తయారుచేస్తున్న నియో సర్వేయర్ టెలిస్కోపు ఇక ఒక్క ఏడాది కూడా వాయిదా పడకూడదు.