ఫోన్ నంబరు కూడా కాలాన్ని చెబుతుంది

పాతకాలం నాటి కథలతో తీసే టీవీ నాటకాల్లో ఫోన్ నంబరు తప్పైనా ఎవరూ గమనించరని ఒక వ్యాసకర్త రాసిన అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. లండన్ నంబర్లకు 1990 మే 6 వరకు 01 అనే ఒకే కోడ్ ఉండేది. ఆ రోజున అది 071, 081గా విడిపోయి, 1995 ఏప్రిల్‌లో 0171, 0181గా మారి, 2000లో 020 అయింది. అందువల్ల 1980ల నాటి కథలో దుకాణం బోర్డుపై 0171 కనిపిస్తే, దుస్తులూ కార్లూ ఎంత శ్రద్ధగా సమకూర్చినా ఆ దృశ్యంపై నా నమ్మకం అక్కడే సడలిపోతుంది. 1960ల తొలినాళ్ల కథలకు మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే అప్పటి నంబర్లు ఎక్స్ఛేంజి (ఆ ప్రాంతపు ఫోన్లను కలిపే కేంద్రం) పేరులోని మొదటి మూడు అక్షరాలతో మొదలయ్యేవి (లండన్ పోలీసు ప్రధాన కార్యాలయమైన స్కాట్లండ్ యార్డ్ నంబరు, వైట్‌హాల్ ఎక్స్ఛేంజి పేరుతో వైట్‌హాల్ 1212, ఆ రోజుల్లో ఎంతో ప్రసిద్ధం). ఎవరికీ కేటాయించకుండా నాటకాల కోసం ప్రత్యేకించిన నంబర్లు నేటి రూపంలోనే ఉండటం నిర్మాతలకు ఇబ్బందే, కానీ చివరి అంకెలు కనిపించకుండా చిత్రీకరిస్తే అదీ తీరుతుంది.